ఇంటర్ అయిన తమ్ముడు పైలట్ అవుతానంటున్నాడు, తోట అమ్మే ముందు ఏం చూసుకోవాలి?

పొదలకూరు అక్క

అందరికీ నమస్కారం. మాది పొదలకూరు దగ్గర పల్లె. నాయనకు నాలుగెకరాల నిమ్మతోట ఉంది, ఇల్లు గడిచేదీ మేమిద్దరం చదువుకున్నదీ దాంతోనే. నేను నెల్లూరులో ఉద్యోగం చేస్తున్నా. తమ్ముడు ఈ మార్చిలో ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు, మార్కులు బాగానే వచ్చాయి, ఈఏపీసెట్ కూడా రాశాడు గానీ వాడి మనసు బీటెక్ మీద లేదు. 2022 డిసెంబర్‌లో కొరిశపాడు దగ్గర హైవే మీద ఎయిర్‌ఫోర్స్ వాళ్లు విమానాలతో ట్రయల్ చేశారు కదా, మా మేనమామది అద్దంకి, వీడిని బండి మీద తీసుకెళ్లి దూరం నుంచి చూపించాడు. అప్పుడు వీడు తొమ్మిదో తరగతి. ఆ రోజు నుంచి పైలట్ తప్ప ఇంకో మాట లేదు.

పోయిన నెల చెన్నైలో ఒక కన్సల్టెన్సీ సెమినార్‌కి వెళ్లొచ్చాడు. విదేశంలో ట్రైనింగ్, ఏడాదిలో లైసెన్స్, రాగానే ఉద్యోగం గ్యారంటీ అని చెప్పారట. ఐదు లక్షలు అడ్వాన్స్ కడితే సీటు పెట్టేస్తామని, ఈ నెలాఖరే ఆఖరని రోజూ ఫోన్ చేస్తున్నారు. నాయన ఎవరికీ చెప్పకుండా రెండెకరాలు బేరానికి పెట్టాడు, నాకు తెలిసింది మొన్ననే. అడిగితే "వాడు అంతగా కోరుకుంటుంటే ఎట్టా కాదంటామమ్మా" అన్నాడు. అమ్మకు నిద్ర లేదు, నాకు ఒకటే టెన్షన్.

మా ఇంట్లో ఎవరూ విమానం ఎక్కింది కూడా లేదు. అసలు ఇందులో ముందు ఏం చెయ్యాలి, తర్వాత ఏం చెయ్యాలి? మొత్తం ఎంత అవుతుంది? పదో తరగతి దాకా తెలుగు మీడియం, అది అడ్డమవుతుందా? వాడికి కొంచెం సైట్ ఉంది, అద్దాలు పెట్టుకుంటాడు. బీటెక్ చేశాక వెళ్తే ఆలస్యమవుతుందా? తెలిసినవాళ్లు దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, భయపెట్టినా పర్వాలేదు.

ఒంగోలు కోపైలట్

అక్కా, ముందు ఆ ఐదు లక్షలు కట్టొద్దు. ఈ రాత్రికే నాయనకు చెప్పండి. ఏ కన్సల్టెన్సీ అయినా సరే, ఎయిర్‌లైన్‌లో ఉద్యోగం గ్యారంటీ ఇవ్వడం వాళ్ల చేతిలో ఉండదు. ఎయిర్‌లైన్ తన పరీక్ష తను పెట్టుకుంటుంది, ఇంటర్వ్యూ చేస్తుంది, సిమ్యులేటర్ ఎక్కించి చూస్తుంది, అప్పుడు తీసుకుంటుంది. నేను ఎయిర్‌బస్ 320 మీద ఫస్ట్ ఆఫీసర్‌గా చేస్తున్నా, మాది ఒంగోలు, నాన్న ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. కాబట్టి డబ్బు భయం ఏంటో నాకు బాగా తెలుసు.

వరస ఇది. మొదట మెడికల్, తర్వాత డీజీసీఏ (దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) పెట్టే పేపర్లు, అవి రెండూ అయ్యాకే ఫ్లయింగ్ స్కూలుకి పెద్ద డబ్బు. కన్సల్టెన్సీల వాళ్లు దీన్ని తిప్పి చెప్తారు, ఎందుకంటే పిల్లవాడు మెడికల్‌లో ఆగినా పేపర్లలో ఆగినా అప్పటికే అడ్వాన్స్ వాళ్ల దగ్గర ఉంటుంది.

మెడికల్ సంగతి. మొదట క్లాస్-2, డీజీసీఏ గుర్తించిన డాక్టర్ల దగ్గర చేయించుకోవాలి, చెన్నైలో ఉన్నారు, బెంగళూరు, హైదరాబాద్‌లో కూడా ఉన్నారు, పేర్లు డీజీసీఏ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, వినికిడి, కళ్లు, అన్నీ చూస్తారు. ఖర్చు వేలల్లోనే. అది వచ్చి ఫైల్ నంబర్ పడ్డాక క్లాస్-1, కమర్షియల్ లైసెన్స్‌కి కావలసింది ఈ క్లాస్-1. మన వైపు వాళ్లం ఎక్కువగా బెంగళూరులో ఎయిర్‌ఫోర్స్ వాళ్ల ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌కి వెళ్తాం, నెల్లూరు నుంచి రాత్రి బస్సు ఎక్కితే పొద్దునకి అక్కడ ఉంటారు. అపాయింట్‌మెంట్ దొరకడానికి మాత్రం వెయిటింగ్ ఉంటుంది, కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టాలి. సైట్ గురించి భయపడొద్దు, అద్దాలతో చూపు సరిపోతే చాలు, మా ఎయిర్‌లైన్‌లో అద్దాలు పెట్టుకునే కెప్టెన్లు బోలెడుమంది. చూసుకోవలసింది రంగుల గుర్తింపు. చుక్కల్లో అంకెలు దాచిన బొమ్మల పుస్తకం, ఇషిహారా, అది చూపించి చదవమంటారు. ఆ లోపం ఉన్న చాలామందికి తమకు ఉందనే తెలియదు. నెల్లూరులో ఏ కంటి డాక్టర్ దగ్గరైనా ముందు అది చూపించేయండి, పది నిమిషాల పని. ఏదైనా "టెంపరరీ అన్‌ఫిట్" అని రాస్తే అక్కడితో అయిపోయినట్టు కాదు, రక్తం తక్కువని, బరువు ఎక్కువని కూడా అలా రాస్తారు, సరిచేసుకుని మళ్లీ వెళ్లొచ్చు.

పేపర్లు. ఎయిర్ రెగ్యులేషన్స్, నావిగేషన్, మెటియరాలజీ, టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్, వీటికి తోడు రేడియో పరీక్ష ఆర్‌టీఆర్. రాత పరీక్షల్లో 70 శాతం వస్తేనే పాస్. ఆర్‌టీఆర్ ఇదివరకు టెలికాం శాఖ పెట్టేది, 2024లో చేసిన కొత్త విమానయాన చట్టంతో అది డీజీసీఏ చేతికి వచ్చింది. పరీక్ష రాయాలంటే ముందు కంప్యూటర్ నంబర్, అంటే అభ్యర్థికి డీజీసీఏ ఇచ్చే గుర్తింపు నంబర్ తీసుకోవాలి, దానికి టెన్త్, ఇంటర్ బోర్డుల వెరిఫికేషన్ కావాలి, చాలామందికి నెలలు పోయేది ఇక్కడే. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్నాయి కాబట్టి మీవాడికి ఆ ఇబ్బంది లేదు, బైపీసీ వాళ్లు ఓపెన్ స్కూల్‌లో మ్యాథ్స్ రాసి వస్తుంటారు.

ఈ పేపర్ల చదువు చూస్తే వాడికి నిజంగా ఇష్టమా లేక యూనిఫాం మీద మోజా అన్నది ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. నావిగేషన్‌లో మొదట్లోనే ఒక సూత్రం వస్తుంది, దిశ ఒక డిగ్రీ తప్పితే 60 నాటికల్ మైళ్లు పోయేసరికి దాదాపు ఒక నాటికల్ మైలు పక్కకు పోతాం. దాని మీద లెక్కలే లెక్కలు. గాలి ఎటు నుంచి ఎంత వేగంతో కొడుతుంటే ముక్కు ఎన్ని డిగ్రీలు తిప్పాలి, ఎన్ని నిమిషాలకు చేరతాం, ఎంత ఇంధనం మిగలాలి. మెటియరాలజీలో మన తుపాన్ల పాఠమే ఉంటుంది, బంగాళాఖాతంలో వాయుగుండం ఎలా పుడుతుంది, ఈశాన్య రుతుపవనాలప్పుడు కోస్తాలో మేఘాలు ఎంత కిందికి దిగుతాయి. నవంబర్‌లో నెల్లూరు వానలు చూసి పెరిగిన పిల్లలకి అది ఇట్టే ఎక్కుతుంది.

తెలుగు మీడియం అడ్డం కాదు. నేనూ ఒంగోలులో సర్కారు బడిలో తెలుగులోనే చదివా. రేడియోలో మాట్లాడే ఇంగ్లీషు కట్టుదిట్టంగా, గీత గీసినట్టు ఉంటుంది, ఏ సందర్భంలో ఏ మాట అనాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. లైసెన్స్ మీద ఇంగ్లీషు స్థాయి కనీసం లెవెల్-4 ఉండాలి, అది సాధన చేస్తే వస్తుంది. ఇంటర్వ్యూలో మాత్రం సొంతంగా మాట్లాడాలి, కాబట్టి ఇప్పటి నుంచే రోజూ బయటకు గట్టిగా చదవమనండి.

స్కూల్లో 200 గంటలు ఎగరాలి, అందులో 100 గంటలు తనే పైలట్-ఇన్-కమాండ్‌గా. కమర్షియల్ లైసెన్స్‌కి వయసు 18 నిండాలి, స్టూడెంట్ లైసెన్స్ 16కే ఇస్తారు. ఇప్పుడు ఇండియాలో ఒక మాదిరి స్కూల్లో ఇదంతా నలభై అయిదు నుంచి యాభై అయిదు లక్షల దాకా అడుగుతున్నారు, హాస్టలు, తిండి వేరే. లైసెన్స్ తర్వాత టైప్ రేటింగ్ ఉంటుంది, అంటే 320 గానీ 737 గానీ ఏదో ఒక రకం విమానానికి ప్రత్యేక శిక్షణ, అది పన్నెండు నుంచి పద్దెనిమిది లక్షలు. సెమినార్లలో ఈ రెండో అంకె చెప్పరు. ఎయిర్‌లైన్లు నడిపే క్యాడెట్ ప్రోగ్రాంలలో అన్నీ కలిపి కోటి దాటుతుంది, కాకపోతే సెలెక్షన్ ముందే అయిపోతుంది, చివర ఉద్యోగం ఎక్కువ భాగం షరతులతో రాసి ఉంటుంది. ఎయిర్ ఇండియా సొంత స్కూలు పెడుతోంది అమరావతిలో, మనది కాదు, మహారాష్ట్ర అమరావతి, ఆ పేరు చూసి మా బంధువులే ఒకరు పొరబడ్డారు.

ప్రభుత్వానిది కావాలంటే ఉత్తరప్రదేశ్‌లో ఫుర్సత్‌గంజ్‌లో ఇగ్రువా ఉంది. ఎంట్రన్స్, ఇంటర్వ్యూ, ఆప్టిట్యూడ్ టెస్ట్ ఉంటాయి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్లు ఉంటాయి. ఫీజు ప్రైవేటు కంటే మరీ తక్కువేం కాదు, అయినా పోటీ పరీక్షతో వచ్చే సీటు కాబట్టి నేనైతే ముందు దానికి రాయిస్తా.

టంగుటూరు నాన్న

అమ్మా, పై అబ్బాయి చెప్పినదంతా నిజం. నేను తండ్రి వైపు నుంచి ఒక మాట చెప్తా, మీ నాయనకు చదివి వినిపించు.

మాది పొగాకు వ్యవసాయం. మా అబ్బాయికి 2019 మొదట్లో లైసెన్స్ చేతికొచ్చింది. ఆ ఏప్రిల్‌లోనే జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది, వేల గంటల అనుభవమున్న పైలట్లు రోడ్డున పడ్డారు, ఇక 200 గంటల పిల్లవాడిని అడిగేదెవరు. సరేలే వచ్చే ఏడాది చూద్దామంటే కరోనా వచ్చింది. వాడు ఇంట్లో ఉన్నాడు. పొద్దున్నే లేచి చదివేవాడు, సాయంత్రం నాతో పాటు పొగాకు కాల్చే బ్యారన్ దగ్గరికొచ్చి కర్రలకు ఆకు కట్టేవాడు, ఊళ్లో వాళ్లు "ఏం నాయనా, విమానం ఎప్పుడు నడుపుతావు" అంటే నవ్వి ఊరుకునేవాడు. ఎగరకుండా కూర్చుంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) గడువు అయిపోతుంది, మళ్లీ స్కూలుకి పోయి డబ్బు కట్టి ఎగిరి నిలబెట్టుకోవాలి, ఏటా మెడికల్ చేయించుకోవాలి. ఈ ఖర్చులు మాకు ఎవరూ ముందు చెప్పలేదు. 2023లో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు బాగున్నాడు, దేవుడి దయ.

స్కూలు పేరు రాయను గానీ అక్కడ పిల్లలు ఎక్కువ, ఎగిరే విమానాలు తక్కువ. షెడ్డులో వరసగా విమానాలు కనిపించేవి, అడిగితే అన్నీ ఉన్నాయనేవాళ్లు, కానీ వాటిలో సగం విడిభాగాల కోసం ఆగినవి. ఏడాదిన్నరలో అయిపోతుందన్న కోర్సు మూడేళ్లు పట్టింది. కాబట్టి స్కూలుకి వెళ్లినప్పుడు విమానాలు ఎన్ని ఉన్నాయని అడగొద్దు, ఈ రోజు ఎన్ని ఎగిరాయని అడగండి. ఆఫీసులో కాదు, క్యాంటీన్ దగ్గర పిల్లల్ని అడగండి. పోయిన ఏడాది ఎంతమందికి లైసెన్స్ వచ్చింది, ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది పిల్లలు, మధ్యలో మానేస్తే ఎంత వాపసు ఇస్తారు, ఇవి కాగితం మీద రాయించుకోండి. ఫీజు మొత్తం ఒకేసారి కట్టమనే స్కూలు వద్దే వద్దు, గంటలను బట్టి విడతలుగా కట్టించుకునే చోటికే పంపండి.

నా సలహా అయితే డిగ్రీ కూడా చేతిలో ఉండాలి. బీటెక్ చేయించు. ఇరవై రెండేళ్లకు మొదలుపెట్టినా కొంప మునగదు.

కావలి బ్యాంకాయన

లోన్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా, నేను బ్యాంకులో లోన్ల సెక్షన్‌లోనే పనిచేస్తా.

ఏడున్నర లక్షలు దాటిన ఎడ్యుకేషన్ లోన్‌కి మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతారు. ఇక్కడే మన రైతుల ఇళ్లలో పెద్ద చిక్కు. వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు ఈ లోన్‌కి తాకట్టుగా ఒప్పుకోవు, ఎందుకంటే బాకీ పడినప్పుడు కోర్టుకి పోకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే సర్ఫేసి చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. ఇల్లు, ప్లాటు, ఫిక్స్‌డ్ డిపాజిట్ అయితే ఒప్పుకుంటారు. నాలుగెకరాల తోట ఉంది కదా, లోన్ వచ్చేస్తుందిలే అనుకుని ముందే ఫీజు కట్టేసి తర్వాత మా దగ్గరికి వచ్చేవాళ్లని చూస్తుంటా, అప్పుడు వాళ్లకు తోట అమ్మడం తప్ప ఇంకో దారి ఉండదు. కాబట్టి సీటు కంటే ముందు బ్యాంకుకి రండి. స్కూలుకి డీజీసీఏ అనుమతి లేకపోతే లోన్ మాటే ఎత్తరు.

లెక్క చెప్తా. యాభై లక్షలు, పది శాతం వడ్డీ, పదిహేనేళ్లు అంటే నెలకు దాదాపు యాభై నాలుగు వేలు. పదేళ్లకైతే అరవై ఆరు వేలు. కొత్త ఫస్ట్ ఆఫీసర్ జీతంలో ఇది కట్టగలిగిందే. చదువు అయ్యాక ఇంకో ఏడాది దాకా కంతులు అడగరు, కానీ ఆ కాలమంతా వడ్డీ పడుతూనే ఉంటుంది. టంగుటూరు పెద్దాయన అబ్బాయిలాగా నాలుగేళ్లు ఖాళీగా ఉంటే ఆ కంతులు నాయన మీద పడతాయి. మీ ఇంట్లో రెండేళ్లు ఆ యాభై నాలుగు వేలు ఎక్కడి నుంచి వస్తాయన్నది ముందే కూర్చుని మాట్లాడుకోండి. సమాధానం దొరికితే ధైర్యంగా ముందుకు పోండి. లోన్ తీసుకుంటే ఇంకో లాభం, బ్యాంకు డబ్బు స్కూలుకి విడతలుగానే వెళ్తుంది, మొత్తం ఒకేసారి స్కూలు చేతిలో పడదు.

సెస్నా కుర్రాడు

అక్కా, నేను గూడూరు అబ్బాయిని, ప్రస్తుతం మహారాష్ట్రలో ట్రైనింగ్‌లో ఉన్నా. వందకు పైగా గంటలు అయ్యాయి. మీ తమ్ముడి కోసం రాస్తున్నా, రోజు ఎలా ఉంటుందో తెలిస్తే వాడే నిర్ణయించుకుంటాడు.

ఎండాకాలం మధ్యాహ్నం గాలి బాగా కుదిపేస్తుంది కాబట్టి తెల్లవారకముందే లేస్తాం. మొదట వాతావరణ రిపోర్ట్ చదవాలి. విజిబిలిటీ 5 కిలోమీటర్ల కంటే తక్కువుంటే ఆ పూట మాలాంటివాళ్లకి ఫ్లయింగ్ లేదు. బాగుంటే విమానం దగ్గరికి వెళ్లి చుట్టూ తిరిగి చెయ్యి పెట్టి చూసుకోవాలి, రెక్క అంచు, టైరు, బ్రేక్ పైపు, ఆయిల్. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇంధనం డ్రెయిన్ చెయ్యడం. రెక్క కింద చిన్న వాల్వ్ ఉంటుంది, పారదర్శకమైన గొట్టంలాంటి కప్పును దానికి నొక్కితే కొంచెం ఇంధనం దిగుతుంది, దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడాలి. చిన్న విమానాలకు వాడే పెట్రోలు, అవ్‌గ్యాస్, లేత నీలం రంగులో ఉంటుంది. నీళ్లు బరువు కాబట్టి అడుగున బుడగలాగా వేరుగా నిలబడతాయి, అది కనిపిస్తే మళ్లీ మళ్లీ తీసి, పూర్తిగా నీలంగా వచ్చేదాకా కదలకూడదు. ఇంజిన్ స్టార్ట్ అయ్యాక నిప్పురవ్వ పుట్టించే రెండు మాగ్నెటోలనూ ఒక్కోటిగా ఆపి ఆర్‌పీఎం ఎంత పడుతుందో చూస్తాం. ఆ లెక్క తేడాగా ఉంటే వెనక్కి తిప్పుకుని రావడమే, ఎంత ఆశగా వచ్చినా సరే.

వానాకాలంలో రోజులకు రోజులు ఎగరం. పెట్టె సర్దుకుని రెడీగా ఉండి, బోర్డు మీద పేరు ఉండి, మేఘాలు దిగి, "క్యాన్సిల్" అనిపించుకుని రూముకి వెళ్లడం. కొందరు అక్కడే కుంగిపోతారు. ఆ ఖాళీలో పేపర్లు చదువుకునేవాళ్లు బయటపడతారు, అందుకే పేపర్లు ముందే పాసై వస్తే ఆ రోజుల్లో కూడా మనసు ప్రశాంతంగా ఉంటుంది. మొదటిసారి ఇన్‌స్ట్రక్టర్ దిగిపోయి నన్ను ఒక్కడినే పంపినప్పుడు పక్క సీటు ఖాళీగా ఉండేసరికి విమానం తేలికై అనుకున్నదానికంటే త్వరగా పైకి లేచింది, ఆ మాట ముందు చెప్పారు గానీ నిజంగా అలా లేస్తుంటే ఒళ్లు జలదరించింది. ఆ ఒక్క చుట్టు కోసం ఎన్ని క్యాన్సిల్ రోజులైనా ఓర్చుకోవచ్చు.

ఇంకోటి. డీజీసీఏ 2025 అక్టోబర్ నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకు ఏడాదికి రెండుసార్లు గ్రేడ్లు ఇస్తోంది. మొదటి జాబితాలో పై గ్రేడ్ ఒక్క స్కూలుకీ రాలేదు. కొత్త జాబితా చూసి, దానితో పాటు టంగుటూరు పెదనాన్న చెప్పినట్టు క్యాంటీన్ దగ్గర కూడా అడిగి ఎంచుకోండి.

వింజమూరు మాజీ

నేను ఎయిర్‌ఫోర్స్‌లో గ్రౌండ్ డ్యూటీలో ఇరవై ఏళ్లు చేసి వచ్చినవాణ్ని. ఇంటర్ ఎంపీసీ అయిన పిల్లవాడు, ఎగరాలని అంత కోరిక, ఇంట్లో డబ్బు లేదు, అయినా ఎవరూ ఎన్‌డీఏ, అదే నేషనల్ డిఫెన్స్ అకాడమీ పేరు ఎత్తలేదేంటి? యూపీఎస్‌సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర మధ్య ఉండాలి, అంటే మీవాడికి ఇంకా అవకాశాలున్నాయి. రాత పరీక్ష, ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్ల ఎంపిక ఇంటర్వ్యూ), మెడికల్. ఎంపికైతే చదువుకీ ఫ్లయింగ్‌కీ ఇంట్లోంచి ఫీజు కట్టక్కర్లేదు. అందులో రాకపోతే డిగ్రీ తర్వాత ఎయిర్‌ఫోర్స్ వాళ్ల ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాట్ ఉంది, ఫ్లయింగ్ బ్రాంచ్‌కి 20 నుంచి 24 ఏళ్లు.

రెండు విషయాలు జాగ్రత్త. పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు, కాబట్టి సరదాకి వెళ్లి రాద్దామనుకోకూడదు. కళ్ల విషయంలో సివిల్ కంటే చాలా గట్టిగా ఉంటారు, అద్దాలున్నాయంటున్నారు కాబట్టి ముందే మిలిటరీ ప్రమాణాలు తెలిసిన కంటి డాక్టర్‌కి చూపించండి, ఫ్లయింగ్‌కి కుదరకపోవచ్చు. ఇంకో మాట, ఎయిర్‌లైన్‌కి దగ్గర దారని అటు పంపొద్దు. అది సైన్యం. దేశసేవ మీద మనసుంటేనే వెళ్లాలి, అక్కడి జీవితం వేరు.

ఒంగోలు కోపైలట్

మాజీ గారు రాసింది మంచి మాట, నేను మర్చిపోయా.

టంగుటూరు పెద్దాయనతో ఒక్క విషయంలో నేను ఏకీభవించలేను, పెద్దవారు మన్నించాలి. ఎయిర్‌లైన్‌లో సీనియారిటీయే అంతా. కెప్టెన్ కావాలంటే ఏటీపీఎల్ అనే పై స్థాయి లైసెన్స్ కావాలి, దానికి 1500 గంటలు, 21 ఏళ్లు ఉండాలి. 65 దాకా ఎగరొచ్చు. ముందు చేరినవాడు ముందు కెప్టెన్ అవుతాడు, మధ్యలో నాలుగేళ్లు తేడా అంటే కెప్టెన్ జీతం నాలుగేళ్లు తేడా. అలాగని డిగ్రీ వద్దని నేను అనను. లైసెన్స్‌కి డిగ్రీ అక్కర్లేదు, కానీ ఉద్యోగం ఆలస్యమైతే నిలబడటానికి కావాలి. మధ్యే మార్గం ఉంది. ఈ ఏడాది నెల్లూరులోనే బీఎస్‌సీ ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్నదాంట్లో గానీ, బీటెక్‌లో గానీ చేరనివ్వండి. పక్కన మెడికల్ రెండూ చేయించండి, పేపర్లు మొదలుపెట్టించండి. ఆ డిగ్రీతో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఉద్యోగాలకు 27 ఏళ్ల దాకా రాసుకోవచ్చు, ఆ పని కూడా గొప్ప పని, రోజూ మమ్మల్ని క్షేమంగా దింపేది వాళ్లే.

ఏడాదిన్నరలో పేపర్లన్నీ పాసైతే అప్పుడు లోన్, అప్పుడు స్కూలు. పాస్ కాకపోతే తోట తోటలాగే ఉంటుంది.

ఇప్పుడు ఉద్యోగాలు ఉన్నాయా అంటే, 2023లో ఇండిగో ఒకేసారి 500 విమానాలకు, ఎయిర్ ఇండియా 470 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి, అవి ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాయి. పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారాయి, వారానికి 36 గంటల విశ్రాంతి 48 గంటలైంది, అంటే అదే షెడ్యూల్‌కి ఎక్కువమంది కావాలి. ఇంకోవైపు 2023 ఒక్క ఏడాదిలోనే డీజీసీఏ 1622 కమర్షియల్ లైసెన్స్‌లు ఇచ్చింది, అదే ఏడాది మే నెలలో గో ఫస్ట్ ఆగిపోయింది. రెండూ నిజమే. సెమినార్‌లో మొదటి సగమే చెప్తారు. మీవాడు చేరే రోజుకి గాలి ఎటు ఉంటుందో ఎవరూ చెప్పలేరు, కాబట్టి రెండేళ్లు ఆగినా తట్టుకునే ఏర్పాటుతో దిగాలి.

టంగుటూరు నాన్న

తప్పేముంది అబ్బాయ్, నువ్వు చెప్పిన మధ్యే మార్గం నాకూ నచ్చింది. పక్కన చదువుతూ పేపర్లు రాయడం మావాడికి తోచలేదు, తోచి ఉంటే ఆ ఖాళీ సంవత్సరాల్లో చేతిలో ఇంకో ఉద్యోగం ఉండేది.

పొదలకూరు అక్క

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న రాత్రి ఇవన్నీ నాయనకు చదివి వినిపించా, బ్యాంకాయన గారి లెక్క రెండుసార్లు చదివించుకున్నాడు. బేరం ఆపేశాడు. తమ్ముడు మొదట ముఖం ముడుచుకున్నాడు, సెస్నా కుర్రాడి మెసేజ్ చదివాక మాత్రం ఫోన్ నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు చూశాడు, తర్వాత వాడే కూర్చుని కంప్యూటర్ నంబర్‌కి ఏమేం కాగితాలు కావాలో రాసుకున్నాడు.

ఈ రోజు నెల్లూరులో కంటి డాక్టర్‌కి చూపించాం, రంగుల పరీక్ష పాసయ్యాడు, అద్దాలతో రెండు కళ్లూ 6/6. వచ్చే వారం చెన్నైలో క్లాస్-2 అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. ఆ కన్సల్టెన్సీ వాళ్లకు, ఉద్యోగం గ్యారంటీ అన్న మాట లెటర్‌హెడ్ మీద రాసివ్వండి, అప్పుడు ఆలోచిస్తామని చెప్పా. మళ్లీ ఫోన్ రాలేదు.

ఒకటే సందేహం. పేపర్లకు కోచింగ్ తీసుకోవాలా, సొంతంగా చదవొచ్చా? రెండు మూడు లక్షలు అడుగుతున్నారు. ఇంకా క్లాస్-2కి వెళ్లే ముందు వాడు ఏమైనా జాగ్రత్తలు తీసుకోవాలా?

సెస్నా కుర్రాడు

అక్కా, రెగ్యులేషన్స్, మెటియరాలజీ సొంతంగా చదివెయ్యొచ్చు, నేను అలాగే రాశా. ఈ రెండూ ముందు రాయించండి, ఒకటి పాసైతే ధైర్యం వస్తుంది. నావిగేషన్‌కి మాత్రం ఎవరైనా దగ్గర కూర్చుని లెక్కలు చేయించాలి, ఆ ఒక్కదానికి ఆన్‌లైన్ క్లాస్ తీసుకుంటే చాలు, మొత్తం ప్యాకేజీ అక్కర్లేదు. నా పుస్తకాలు గూడూరులో ఇంట్లోనే ఉన్నాయి, మా అమ్మకు చెప్తా, తమ్ముడిని ఆదివారం వచ్చి తీసుకెళ్లమనండి. మెసేజ్‌లో అడ్రస్ పంపుతున్నా.

ఒంగోలు కోపైలట్

క్లాస్-2కి ముందు రాత్రి బాగా నిద్రపోవాలి, చెవుల్లో గులిమి ఉంటే ఈఎన్‌టీ దగ్గర ముందే తీయించుకోవాలి, వినికిడి పరీక్షలో దానివల్ల అనవసరంగా ఇబ్బంది పడతారు. జలుబు ఉంటే అపాయింట్‌మెంట్ వాయిదా వేసుకోండి. పాత అద్దాల చీటీ, ఎప్పుడైనా ఆపరేషన్ అయి ఉంటే ఆ కాగితాలు తీసుకెళ్లండి, ఏదీ దాచొద్దు, ఫారంలో అబద్ధం రాస్తే తర్వాత లైసెన్స్ మీదకి వస్తుంది. రిపోర్ట్ వచ్చాక ఇక్కడే రాయండి, బెంగళూరు క్లాస్-1కి ఏ రోజు ఏమేం చూస్తారో అప్పుడు వివరంగా చెప్తా.